సందిగ్ధమైన హాని – గృహస్థధర్మము

తిరుమల క్షేత్రమున శ్రీవారి దర్శనపు వరుసలోనికి ప్రవేశించుటకు ముందు భక్తుడు తన సెల్‌ఫోనును అందుకై ఏర్పరచిన చోట అప్పగించి రసీదు పుచ్చుకొనును. ఆ కాగితమును మడిచి జేబు అడుగున దాచుకొనును; గృహిణి యైనచో కొంగున ముడివేసికొనును. పరుల చేతికిచ్చిన తన వస్తువు పెట్టినది పెట్టినట్లు తిరిగి రాగలదని విశ్వాసము.

నిక్షేపమును గూర్చి మన ధర్మశాస్త్రములు ప్రత్యేకముగ విచారించినవి. మనుస్మృతి పేర్కొనిన పదునెనిమిది వ్యవహారపదములలో అది యొకటి. ఒకరు నమ్మి దాచియుంచిన సొమ్మును పుచ్చుకొన్నవాడు దానిని యథేచ్ఛగా వాడుకొనరాదు, అజాగ్రత్తచే చెడగొట్టరాదు, అడిగిననాడు అప్పగింపవలెను. వైష్ణవ గృహస్థునకు శరీరమును గూర్చిన భావన యిట్టిదే. భగవద్రామానుజుల సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు శ్రీమన్నారాయణునకు శరీరభూతములు. ఆయన శేషి, జీవుడు శేషభూతుడు. జీవుడు తన్ను తనవానిగా తలచుటను ఆత్మాపహారమను చౌర్యముగా పూర్వాచార్యులు పరిగణించిరి. ఆత్మయే తనది కానప్పుడు దానినంటియున్న దేహము మాత్రము తనదెట్లగును? మితాహారము, వేళకు నిద్ర, రోగమునకు ఔషధము – ఇవి దేహాభిమానమనిపించుకొనక కైంకర్యములో చేరుట ఈ దృష్టిచేతనే. నేత్రములు శ్రీమూర్తిని సేవించుటకు, చెవులు కథాశ్రవణమునకు ప్రసాదింపబడినవి. వానిని పాడుచేసికొన్నవాడు యజమాని సొత్తును పాడుచేసినవాడగును.

అట్లయినచో, హాని కలదో లేదో ఇంకను పూర్తిగా తేలని వస్తువు విషయమున ఆ కాపరి యేమి చేయవలెను? విషమని తెలిసినదానిని విడుచుటకు విచారమక్కరలేదు. పథ్యమని తెలిసినదానిని గ్రహించుటకును అక్కరలేదు. చిక్కంతయు ఈ రెంటి నడుమనున్న వస్తువులతోనే. నేడు ప్రతి గృహమందును అట్టి వస్తువొకటి ఉన్నది; దర్శనమునకు ముందు అప్పగించి వచ్చినది అదియే.

భారతదేశమున తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటలాడిరి. ఆ దినములలో అది శ్రీమంతుల చేతి అలంకారము. ఇప్పుడు పాలు పోయువాని వద్దను, ముహూర్తము పెట్టు పురోహితుని వద్దను అదే వస్తువు. దర్శనపు టిక్కెట్టు దానిలోనే, బ్యాంకు ఖాతా దానిలోనే. కుమారుడు అమెరికాలో ఉన్న వృద్ధురాలికి మనుమరాలి ముఖము కనబడునది కూడ దానిలోనే. ఇట్టి వస్తువును ఆసురీమాయయని నిందించి చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. నిందించినవారు సైతము సాయంకాలమునకు దానిని చేతబట్టక తప్పుట లేదు.

ముందుగా భయమునకు గల ఆధారమును పరిశీలింపవలెను. సెల్‌ఫోను రేడియో తరంగముల సాయముతో పనిచేయును. ఎక్స్‌కిరణములు పరమాణువుల నుండి ఎలక్ట్రానులను ఊడదీయగలవు. అందుచే జీవకణములకు గాయము చేయగలవు. రేడియో తరంగములకు ఆ శక్తి లేదు. కంటికి కనబడు దీపకాంతిలోని ఒక్కొక్క రేణువునకు గల శక్తిలో, 900 లేక 1800 మెగాహెర్ట్‌జుల తరంగపు రేణువునకు లక్షవ వంతు కూడ ఉండదు. శరీరమున అవి కలిగించునట్లు నిశ్చయముగా తెలిసిన ఫలితము స్వల్పమైన వెచ్చదనము మాత్రమే. (చాలసేపు మాటలాడిన తరువాత చెవి వేడెక్కుటకు ముఖ్యకారణము ఫోనులోని బ్యాటరీ వేడియే.) ఈ శక్తి శరీరములో ఎంత ఇంకునో లెక్కగట్టి, ఒక గ్రాము శరీర కణజాలముపై సగటున కిలోగ్రామునకు 1.6 వాట్లు మించరాదని భారతప్రభుత్వము 2012 సెప్టెంబరు 1 నుండి నియమము విధించినది. చాల ఫోనులలో స్టార్, హ్యాష్, సున్న, ఏడు, హ్యాష్ అను మీటలను వరుసగా నొక్కినచో ఆ ఫోను యొక్క కొలత కనబడును.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2011 మే నెలలో ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున ఈ విషయము విచారించి, రేడియో తరంగములను కాన్సరు కలిగింపవచ్చునేమో అను 2బి వర్గమున చేర్చినది. వార్త వినినవారిలో పెక్కుమంది ‘నేమో’ అను భాగమును విడిచి తక్కినదే జ్ఞాపకముంచుకొనిరి. అదే వర్గమున తూర్పు ఆసియా పద్ధతిలో ఊరవేసిన కూరగాయలు కూడ కలవు. (ఆవకాయను గూర్చిన మాట కాదిది, తెలుగు గృహిణులు కలత చెందనక్కరలేదు.) అంతకు ముందు 2010లో ఫలితములు వెలువడిన ఇంటర్‌ఫోన్ పరిశోధన 13 దేశములలో జరిగినది. మొత్తముమీద ఫోను వాడుకకును మెదడు కణుతులకును సంబంధము కనబడలేదు. జీవితకాలమున 1640 గంటలు దాటి మాటలాడితిమని చెప్పినవారిలో మాత్రము ఒక రకపు కణితి కొంత అధికముగా అగపడినది. పదేండ్లకు పంచినచో అది దినమునకు సుమారు అరగంట. ఆ లెక్కలు రోగులు గతమును తలచుకొని చెప్పినవి గావున వానిపై ఎంత ఆధారపడవచ్చునని ఆ పరిశోధకులే సంశయించిరి. 2018లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, దినమునకు తొమ్మిది గంటల చొప్పున రెండేండ్లు తరంగముల నడుమ నుంచిన మగ ఎలుకల గుండెలలో కొన్ని కణుతులు కనబడినవి. చిత్రమేమన, అవియే తరంగములు తగులని మగ ఎలుకలకంటె ఎక్కువకాలము జీవించినవి. తుదకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిగిన సమీక్ష యొకటి, 1994 మొదలు 2022 వరకు వెలువడిన 63 పరిశోధనలను సరిచూచి, సెల్‌ఫోను వాడుకకు మెదడు కాన్సరుతో సంబంధము కనబడుట లేదని 2024లో ప్రకటించినది. పదేండ్లకు మించి వాడినవారి విషయమునను అంతే.

కనుక ఆ సందేహము చిన్నదైనది. పూర్తిగా నశించినదని మాత్రము చెప్పరాదు. ఊయలనాడే ఫోనును చేతబట్టిన శిశువులు ఇంకను వృద్ధులు కాలేదు.

చిన్న సందేహమునకు చిన్న జాగ్రత్త చాలును. తరంగముల బలము దూరముతో వేగముగా తగ్గును. దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతగును. అందుచే సుదీర్ఘ సంభాషణములకు ఇయర్‌ఫోనో, స్పీకరో వాడుకొనుట మేలు. లిఫ్టులోను, కొండ మలుపులలోను, సిగ్నలు బలహీనముగా ఉన్నప్పుడు ఫోను అధికశక్తిని వెలువరించును. అట్టి చోట మాట తగ్గించుకొనవచ్చును. ఇందులో వ్యయము లేదు, కష్టము లేదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్న పెద్దలు మాత్రము ఈ జాగ్రత్తను తేలికగా తీసికొనరాదు. కొత్త ఫోనులలోని అయస్కాంతములు ఆ పరికరమునకు అడ్డు తగులవచ్చును గనుక ఫోనును దానికి 15 సెంటీమీటర్ల దూరమున ఉంచవలెను. చొక్కా పైజేబు అందుకు తగిన స్థానము కాదు.

ఇంతవరకు విషయము సులభము. అసలు విచారింపదగినది వేరొకటి కలదు.

ఒక వీధి యున్నదనుకొనుడు. అందొక మేడపై సెల్‌ఫోను టవరు నిలిపిరి. వీధివారందరు ఏకమై, ఆ తరంగములు తమ బిడ్డలకు రోగములు తెచ్చునని అర్జీ వ్రాసిరి. వారి ఆవేదన కపటము కాదు. కాని మన దేశమున టవరు తరంగములకు అంతర్జాతీయ పరిమితిలో పదవ వంతునే 2012లో పరిమితిగా విధించిరి. దూరమున నున్న టవరుకంటె చెవికి ఆనించుకొన్న ఫోను నుండియే దేహమునకు హెచ్చు తరంగములు సోకును. అర్జీపై సంతకముల కొరకు ఆ వీధివారు రాత్రి పదునొకండు గంటల వరకు పరస్పరము ఫోనులు చేసికొనిరి. పిదప వానిని తలగడ ప్రక్కనే పెట్టుకొని పరుండిరి. ఆ యింటి బాలుడు దుప్పటి ముసుగులో అర్ధరాత్రి దాటువరకు ఆటలాడుచునే యుండెను. “నాయనా, ఇక పడుకో” అని పిలిచిన నాయనమ్మకు సమాధానము లేదు. అర్జీలో ఈ బాలుని నిద్రను గూర్చిన వాక్యమొకటియు లేదు.

సందిగ్ధమైన హానికి భయపడి, నిశ్చయమైన హానిని లెక్కచేయకుండుట మానవునకేల? మొదటిదానికి బాధ్యుడు పరుడు, రెండవదానికి తానే. టవరును కూల్చుమనుటకు పౌరుషము చాలును. తన చేతిలోని దానిని క్రింద బెట్టుటకు నిగ్రహము కావలెను. భయము కొన్నిచోట్ల నిగ్రహమునకు బదులుగా వచ్చి కూర్చుండును, తన కర్తవ్యము తీరినదన్న తృప్తిని కూడ ఇచ్చును. కాపరి దూరపు దొంగను గూర్చి కేకలు వేయుచు ఇంటి తలుపు తెరచియుంచినట్లున్నది ఈ పద్ధతి.

నిశ్చయమైన హానులకు వెదుకనక్కరలేదు. వాహనము నడుపుచు ఫోను వాడుటచే 2021లో మన దేశమున 1,997 ప్రమాదములు జరిగి 1,040 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. అందు ఏ ఒక్కరి మృతికిని తరంగములు కారణము కావు. రాత్రివేళ కంటిలో పడు తెరవెలుగు నిద్రను పిలుచు మెలటోనిన్ అను స్రావమును తగ్గించును. నిద్ర వెనుకబడును, దానివెంట బ్రాహ్మీముహూర్తమున లేచు అలవాటును పోవును. మెడ వంచి గంటలకొలది చూచుటచే భుజములు, మెడ నొచ్చును. రెండేండ్లు నిండని శిశువునకు తెరను చూపనే రాదని, రెండు మొదలు నాలుగేండ్ల బిడ్డలకు దినమునకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. అన్నప్రాశనమైన బిడ్డకు ప్రతి ముద్దకును ఒక బొమ్మ చూపక పెట్టలేని ఇండ్లలో ఈ మాట వినబడుట దుర్లభము.

భాగవత పంచమస్కంధమందలి భరతుని వృత్తాంతము ఈ సందర్భమున స్మరింపదగినది. రాజ్యమును విడిచి పులహాశ్రమమున హరిసేవలోనున్న ఆ మహనీయుడు నీట కొట్టుకొని పోవు లేడిపిల్లను రక్షించెను. ఆ క్షణమున అతడు చేసినది దయ, ధర్మము. అందు దోషము లేశమైనను లేదు. మేత పెట్టుట, వన్యమృగముల నుండి కాపాడుట – ఇవియు కర్తవ్యములే. దినములు గడచినకొలది నియమములు ఒక్కొక్కటి జారినవి. పూజ నడుమ లేచి లేడి ఉన్నదో లేదో చూచుకొనెను. అది కనబడనప్పుడు తల్లడిల్లెను. అంత్యకాలమున దానినే తలచి లేడియై జన్మించెను. లేడి విషజంతువు కాదు, అతనిని కరవలేదు, తరుమలేదు. భరతుడు దాని నుండి ఏ రోగమును పొందలేదు. అయినను పోయినది సామాన్యమా?

ఫోనును ఇంటికి తెచ్చినవాడును ఏదో కర్తవ్యము కొరకే తెచ్చియుండును. తల్లి క్షేమము తెలిసికొనుటకు, పంట ధర విచారించుటకు, బిడ్డ చదువునకు. సంధ్యావందనమున అర్ఘ్యము విడుచు వేళ అది మ్రోగినప్పుడు చెవి అటు పోవుటతో నియమము జారుట మొదలగును. దీనిని కొలుచు యంత్రము లేదు, దీనికి వాట్లలో పరిమితి విధించు ప్రభుత్వము లేదు. గృహస్థుడే విధించుకొనవలెను. కొన్ని యిండ్లలో రాత్రి తొమ్మిది గంటలకు ఫోనులన్నియు హాలులోని ఒక బల్లమీదికి చేరును. భోజనపు వేళ ఏదియు వంటింటిలోనికి రాదు. మొదటి వారము పెద్దలకే కష్టమైనదని ఆ యిండ్ల పిల్లలు నవ్వుచు చెప్పుదురు.

తిరుమల వరుసలో మొదటి గంట అందరకును ఒక్కరీతిగనే గడచును. చేయి జేబును తడుముకొని, రిక్తమని తెలిసి వెనుకకు వచ్చును. మరల పోవును. రెండవ గంటకు చేయి ఊరకుండును. ప్రక్కనున్నవారు ఏ ఊరివారో అప్పుడు తెలియును; బాలుడు తండ్రి వ్రేలు పట్టుకొని శ్రీవారి కథ అడుగును, తండ్రి మరచిపోయిన చోట వెనుకనున్న వృద్ధుడు అందించును. గోవిందనామము వరుస మొదటి నుండి చివరకు ప్రాకివచ్చును. దర్శనమై వెలుపలికి వచ్చిన తరువాత రసీదు చూపగా ఫోను తిరిగి చేతికి వచ్చును. భక్తుడు దానిని అటునిటు త్రిప్పి, గీత యేమైన పడినదేమో చూచుకొని, ఏమియు లేదని తృప్తి చెంది, మెట్ల ప్రక్కన నిలిచి తలవంచి తెరను వెలిగించును. వ్రేలు పట్టుకొన్న బాలుడు అడిగిన మాటనే మరల అడుగుచుండును.