బయటపడని సామర్థ్యానికి ప్రమాణమేది?

మనిషిలో ఇంకా బయటపడని సామర్థ్యాన్ని మరొక మనిషి తెలుసుకోగలడా, తెలుసుకోగలిగితే ఏ ప్రమాణం చేత తెలుసుకుంటాడు అనే ప్రశ్న భారతీయ దర్శనాలకు కొత్తది కాదు. వృత్తి క్రీడల్లోని ఎంపిక పద్ధతులు దానిని డబ్బుతోనూ బతుకుతెరువుతోనూ ముడిపెట్టి మళ్లీ ముందుకు తెచ్చాయి. అమెరికాలోని ఎన్‌బీఏ జట్లు కళాశాల స్థాయిలోనో విదేశాల్లోనో బాస్కెట్‌బాల్ ఆడిన యువకులను వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటును డ్రాఫ్ట్ అంటారు. మన దేశంలో దానికి దగ్గరగా వచ్చేది ఐపీఎల్ వేలం. రెండు చోట్లా ఎంచేవాడి ఎదుట ఉన్నది ఆటగాడి గతం, అతడు వెలకట్టవలసినది మాత్రం ఆ ఆటగాడి భవిష్యత్తు.

డ్రాఫ్టులో అంచనాకు అందరికంటే ఎక్కువగా లొంగనివాడు పాయింట్ గార్డ్, అంటే బంతిని ముందుకు తీసుకువెళ్లి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించి, జట్టు మొత్తం ఆటను నడిపే ఆటగాడు. ఎత్తును కొలవవచ్చు, చేతుల చాపును కొలవవచ్చు, నిలుచున్న చోటి నుంచి ఎంత ఎగరగలడో కొలవవచ్చు; కానీ ఇద్దరు ప్రత్యర్థులు మీదికి వస్తున్నప్పుడు చూపు ఒక మూలకు నిలిపి, వారు అటు కదిలిన ఆ క్షణంలోనే బంతిని బుట్ట కింద ఉన్న సహచరుడికి జారవిడిచే వివేకాన్ని కొలిచే సాధనం లేదు. 2009 డ్రాఫ్టులో మినెసోటా జట్టు ఐదో, ఆరో వంతుల్లో వరుసగా రికీ రూబియో, జానీ ఫ్లిన్ అనే ఇద్దరు పాయింట్ గార్డులను ఎంచుకున్నది. డేవిడ్‌సన్ అనే చిన్న కళాశాల నుంచి వచ్చిన స్టీఫెన్ కరీ ఏడో వంతులో గోల్డెన్ స్టేట్ జట్టుకు దక్కాడు. అతడే 2015లోనూ 2016లోనూ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు, రెండోసారి ఒక్క ఓటూ తప్పిపోకుండా. ఎంచినవారు అజ్ఞానులు కారు, వారి దగ్గర గంటల కొద్దీ వీడియో ఉంది, గణాంకాలు ఉన్నాయి. పొరపాటు సమాచారం కొరవడినందువల్ల కాక, ఆ సమాచారం ఏ విషయానికి ప్రమాణమవుతుందో విడదీసి చూడనందువల్ల జరిగిందని చెప్పడమే న్యాయం.

ఈ విడదీతలో మీమాంసకులకూ నైయాయికులకూ మధ్య నడిచిన శక్తివాదం ఎంతగానో అక్కరకు వస్తుంది. మీమాంసకుల మతంలో శక్తి అనేది వస్తువు రూపం కంటే వేరైన పదార్థం. అది కంటికి కనబడదు, దాని కార్యాన్ని బట్టి అర్థాపత్తి చేత, అంటే వేరొకటి కల్పిస్తే తప్ప పొసగని విషయాన్ని పొసగించే ఊహ చేత, తెలియవలసిందే. వారు చూపే దృష్టాంతం ప్రసిద్ధమైనది: ఒకానొక మణి దగ్గర ఉంటే నిప్పు కాల్చదు, మణిని తీసివేస్తే కాలుస్తుంది, రెండు వేళలా నిప్పు రూపంలో తేడా లేదు కనుక, మణి చేత అణగిపోయి మళ్లీ లేచినది ఏదో ఉండాలి, దాని పేరే శక్తి. నైయాయికులు దీనిని ఒప్పుకోరు. ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో చేసిన సమాధానం ప్రకారం, మణి ప్రతిబంధకం, అంటే అడ్డు. అడ్డు లేకపోవడం కూడా కారణాలలో ఒకటే కనుక, నిప్పు, కట్టె, వాటి కలయిక, ప్రతిబంధకం లేకపోవడం అన్నీ కూడిన కారణసామగ్రి ఉన్నప్పుడు దహనం పుడుతుంది, నిప్పు లోపల దాగిన వేరే శక్తిని కల్పించనక్కరలేదు.

ఆటగాళ్లను ఎంచేవారి భాష దాదాపు ఎప్పుడూ మీమాంసకుల భాషే. ఈ కుర్రాడిలో సత్తా ఉంది, ఆ కుర్రాడిలో లేదు అని వారు అంటున్నప్పుడు, సత్తా ఆ శరీరంలో ఒక పదార్థంగా దాగి ఉన్నదనీ, పదునైన కన్నున్నవాడికి అది దొరుకుతుందనీ అనుకుంటారు. హార్వర్డ్ నుంచి వచ్చిన జెరెమీ లిన్‌ను 2010 డ్రాఫ్టులో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. తరువాత చేర్చుకున్న గోల్డెన్ స్టేట్, హ్యూస్టన్ జట్లు 2011 డిసెంబరులో అతడిని వదులుకున్నాయి. 2012 ఫిబ్రవరిలో, అతడు ఆ తరువాత చేరిన న్యూయార్క్ జట్టు ప్రధాన ఆటగాళ్లు అందుబాటులో లేని రోజుల్లో బంతి అతడి చేతికి వచ్చింది. ఫిబ్రవరి 10న లేకర్స్ జట్టుపై అతడు 38 పాయింట్లు సాధించాడు. ఆ కొద్ది వారాల్లో అతడి శరీరం మారలేదు, నైపుణ్యమూ రాత్రికి రాత్రి రాలేదు, మణి తొలగింది. ఇక్కడ ఉదయనుడి మాటే నిలుస్తుంది, ఎందుకంటే అంతకుముందు లిన్‌ను చూసినవారికి అతడిలో ఏదీ కనబడకపోవడానికి కారణం అది లేకపోవడం కాదు, అది కార్యరూపం ధరించే సామగ్రి కూడకపోవడం.

కనబడకపోవడం లేకపోవడానికి ప్రమాణం ఎప్పుడవుతుంది? భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనే దానిని వేరే ప్రమాణంగా అంగీకరిస్తూనే, దానికి యోగ్యత అనే నిబంధన పెట్టారు: ఉండి ఉంటే తప్పక కనబడేది అయినప్పుడే, కనబడకపోవడం చేత లేదని నిర్ణయించవచ్చు. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేనట్టే. చీకటిగదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. ఆటగాడిని తిరస్కరించే ప్రతి నివేదికా ఒక అభావాన్ని ప్రతిపాదించే వాక్యం కనుక, అది ముందుగా ఈ నిబంధనకు నిలబడాలి.

హైదరాబాద్‌లోని లాలాపేట్, నాచారం గల్లీల్లో పిల్లలు ఆడే క్రికెట్ నుంచి ఉప్పల్ స్టేడియానికి ఉన్న దూరం కొద్ది కిలోమీటర్లే అయినా, ఆ రెండింటి మధ్య ఉన్న జ్ఞానసమస్య ఇదే. గల్లీ ఆట టెన్నిస్ బంతితో నడుస్తుంది. దానికి తోలుబంతికి ఉన్నట్టు ఉబ్బెత్తు కుట్టు ఉండదు. బంతి కుట్టు మీద పడి పక్కకు కదిలేలా వేయగల నేర్పు టెన్నిస్ బంతితో ఆడే కుర్రాడి మణికట్టులో ఉన్నా, అది కనబడడానికి యోగ్యమైన స్థలమే అక్కడ లేదు. హైదరాబాద్‌లో ఒక ఆటో డ్రైవర్ కుమారుడైన మహమ్మద్ సిరాజ్ చాలాకాలం టెన్నిస్ బంతితోనే ఆడి, 2015 నవంబరులో రంజీ ట్రోఫీలో అడుగుపెట్టాడు. భరత్ అరుణ్ హైదరాబాద్ జట్టుకు శిక్షకుడిగా ఉన్న 2016–17 సీజన్‌లో అతడు 41 వికెట్లు తీశాడు. 2017 ఫిబ్రవరి వేలంలో 20 లక్షల రూపాయల కనీస ధర ఉన్న అతడిని సన్‌రైజర్స్ హైదరాబాద్ 2.6 కోట్లకు తీసుకుంది. 2023 ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకు కూల్చడంలో ముందు నిలిచినవాడు అతడే. తోలుబంతి, పచ్చిక ఉన్న పిచ్, నమ్మి బంతి చేతికిచ్చిన శిక్షకుడు అనే మూడు కారణాలు కూడకముందు అతడిని చూసి సాదా వేగం తప్ప ఏమీ లేదని ఎవరైనా చెప్పి ఉంటే, వారు చీకటిగదిలో కుండ లేదని చెప్పినవారే అవుతారు.

గణాంకాల విషయంలోనూ తర్కశాస్త్రం హెచ్చరిక చేసింది. ఆంధ్రదేశపు పండితుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉపాధిని నిర్వచిస్తూ, పొగకు నిప్పు ఒక్కటే చాలదని, పచ్చికట్టె కూడా కావాలని చూపాడు; అందుకే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. సాధ్యాన్ని, అంటే ఇక్కడ పొగను, ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉంటూ, హేతువుతో, అంటే ఇక్కడ నిప్పుతో, మాత్రం ఎల్లప్పుడూ ఉండని అదనపు షరతే ఉపాధి. పాయింట్ గార్డ్ విలువకు గుర్తుగా చూపే అసిస్ట్ అనే లెక్క సరిగ్గా ఇటువంటిది: పాస్ అందుకున్న సహచరుడు బంతిని బుట్టలో వేస్తేనే అది అసిస్ట్‌గా నమోదవుతుంది, వేయలేకపోతే అంతే చక్కని పాస్ లెక్కలోకి రాకుండా పోతుంది. సహచరుల గురి ఇక్కడ పచ్చికట్టె. బలహీనమైన కళాశాల జట్టులో ఆడే పాయింట్ గార్డ్‌కు అసిస్టులు తక్కువ కనుక ఆటను చదివే చూపు లేదనడం, పొగ లేదు కనుక ఇనుపగుండు చల్లగా ఉందని చేయి పెట్టడం వంటిది.

కొందరు ఇదంతా నుదుటి రాత అంటారు. నైయాయికులు అదృష్టాన్ని, అంటే పూర్వకర్మ వల్ల కలిగే కనబడని ధర్మాధర్మాలను, నిరాకరించరు. లోకంలోని వైవిధ్యానికి అది కావాలని ఉదయనుడే వాదించాడు. అయితే కనబడే కారణం చెప్పగలిగిన చోట కనబడనిదానిని కల్పించడం తగదనేది శాస్త్రాలన్నీ పాటించే నియమం. పైగా ఎంచేవాడు ఇక్కడ పక్కన నిలిచి చూసే సాక్షి కాదు. అతడు అవకాశం ఇవ్వకపోతే సామగ్రి కూడదు, సామగ్రి కూడకపోతే కార్యం పుట్టదు, కార్యం పుట్టకపోవడమే అతడి తీర్పుకు రుజువుగా చెలామణి అవుతుంది; ఒకదానికొకటి ఆధారమయ్యే ఈ అన్యోన్యాశ్రయ దోషంలో తిరస్కరించినవాడే మణిగా మారి, నిప్పు కాల్చలేదని వాపోతాడు. లాలాపేట్‌లోని ఆచార్య జయశంకర్ స్టేడియం వంటి చోట్లకు రోజూ వచ్చే పిల్లల విషయంలో ఈ దోషం ఎన్‌బీఏలో కంటే బరువైనది, ఎందుకంటే అక్కడ వదిలేసినవాడిని మరో జట్టు పిలుస్తుంది, ఇక్కడ ఒకసారి పక్కకు పెట్టినవాడిని మళ్లీ చూసే కళ్లు అరుదు.

మీమాంసకుడి వైపు నుంచి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఒకే కోర్టు, ఒకే శిక్షకుడు, ఒకే బంతి దొరికిన ఇద్దరు పిల్లల్లో ఒకడే పాయింట్ గార్డ్‌గా ఎదిగితే, ఆ తేడా ఎక్కడిది? దీనికి నైయాయికుడి దగ్గర శక్తి కాక సంస్కారం అనే సమాధానం ఉంది. అనుభవం ఆత్మలో వదిలే ముద్రను భావన అనే సంస్కారంగా చెబుతూ, ఉపేక్షతో చూసిన విషయం ముద్ర వదలదని, పట్టించుకుని నిశ్చయించుకున్నదే వదులుతుందని వారు నియమించారు. ఒకే ఆటను చూసిన ఇద్దరిలో ఒకడు బంతి వెంట కళ్లు తిప్పి ఊరుకుంటాడు, మరొకడు బంతి లేని ఆటగాళ్లు ఎటు జరిగారో మనసులో పెట్టుకుంటాడు. భావన కంటికి కనబడకపోయినా దాని కార్యమైన స్మృతికి పరీక్ష పెట్టవచ్చు: ఒక రక్షణవ్యూహాన్ని ఆ కుర్రాడి మీద ప్రయోగించి, అతడు మొదటిసారి చిక్కుబడినా లెక్కలోకి తీసుకోక, వారం తరువాత చెప్పకుండా అదే వ్యూహాన్ని మళ్లీ పన్ని, రెండోసారి అతడి పాస్ ఎటు వెళ్లిందో రాసుకోవాలి.