ఎవరికి అడ్డు?

రోడ్డు పక్కన కనిపించే రెండు గుర్తుల్ని మనలో చాలామంది ఒకటే అనుకుంటాం. ఎర్ర అంచున్న నీలం రంగు గుండ్రటి పలక మీద ఒకే ఒక ఎర్ర గీత ఏటవాలుగా ఉంటే అక్కడ వాహనాన్ని పార్క్ చేయకూడదని అర్థం. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అసలు ఆపనే కూడదని. ఆపడం వేరు, పార్క్ చేయడం వేరు. మనిషినో సరుకునో ఎక్కించడానికీ దించడానికీ పట్టేంతసేపు నిలపడం మొదటిది. అక్కడే ఉంచేసి వెళ్ళిపోవడం రెండోది. వాహనం కదలకుండా ఉండటాన్ని ఇంత ఓపిగ్గా విడదీసి, దేనికెంత చోటో, ఎంతసేపో నిర్ణయించిన వ్యవస్థ, అదే రోడ్డు మీద కదలకుండా నిలబడ్డ మనిషి గురించి ఏమనుకుంటోంది? ఆ మనిషి స్త్రీ అయినప్పుడు ఏమనుకుంటోంది?

దీన్ని ట్రాఫిక్ సమస్య అని పక్కన పెట్టేయొచ్చు. నాకు మాత్రం ఇది నీతికి సంబంధించిన ప్రశ్నగానే కనిపిస్తుంది. అందరిదీ అయిన చోటులో ఎవరు, ఎంతసేపు, ఏ కారణం చూపించి నిలబడొచ్చు? ఎవరు ఎవరికి అడ్డు?

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ముందు మాటల దగ్గరికే వెళతాను. "నీ కాళ్ళ మీద నువ్వు నిలబడాలి" అని ఆడపిల్లలకి చెప్పడం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకున్నాం. అదే భాషలో "రోడ్డు మీద నిలబడే రకం" అంటే తిట్టు. "నడివీధిలో నిలబెట్టారు" అంటే పరువు తీశారని. "వీధిన పడటం" అంటే ఇల్లూ వాకిలీ, అండా దండా అన్నీ పోవటం. నిలబడమని చెప్పిన భాషే, నిలబడటానికున్న చోటుని స్త్రీకి అవమానంగా మార్చి పెట్టింది. మగవాడు పాన్‌డబ్బా పక్కన గంటసేపు నిలబడితే ఎవరూ ఏమీ అడగరు. ఆడది పది నిమిషాలు నిలబడితే ఆమె కారణం చూపించాలి. అందుకే మనం కారణాల్ని చేతిలో పట్టుకుని తిరుగుతాం. చెవి దగ్గర ఫోను, భుజానికి సంచీ, మాటిమాటికీ వాచీ చూసుకోవడం, రాని బస్సు కోసం మెడ సాచడం. ముంబై వీధుల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే రాసిన 'వై లాయిటర్?' (2011) పుస్తకం సరిగ్గా ఈ విషయాన్నే పట్టుకుంది. పనుంది కాబట్టి బయటికొచ్చాను అని నిరూపించుకునే అవసరం లేకుండా, ఏ పనీ లేకపోయినా వీధిలో ఉండగలగడం స్త్రీల హక్కు అని ఆ రచయిత్రులు వాదించారు.

ఈ వాదనని పట్టుకుని పార్కింగ్ నియమాల్ని చదివితే కొన్ని ఆసక్తికరమైన విషయాలు కనిపిస్తాయి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షన్, వాహనాలు ఎక్కడ నిలపాలో నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ అది నియమించిన అధికారులకీ ఇచ్చింది. ఇతరులకి ప్రమాదం, అడ్డంకి, అనవసరమైన అసౌకర్యం కలిగేలా వాహనాన్ని వదిలి వెళ్ళకూడదని 122వ సెక్షన్ చెప్తుంది. 1989 నాటి రోడ్డు నియమాల్లో ఎక్కడెక్కడ పార్క్ చేయకూడదో ఒక జాబితా ఉండేది. ఫుట్‌పాత్ మీద, రోడ్డు దాటే చారల దగ్గర, బస్టాపు దగ్గర, బడి ముందు, ఆసుపత్రి ముందు. ఈ జాబితాని మరోసారి చదవండి. ఇవన్నీ మనుషులు ఎదురుచూసే చోట్లు. బడి గేటు ముందు పిల్లల కోసం, ఆసుపత్రి ముందు రోగికి తోడుగా, బస్టాపులో సంచులతో ఎక్కువగా నిలబడేది ఎవరో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాగితం మీది నియమం, తనకి తెలియకుండానే, స్త్రీల పక్షాన ఉంది. కాబట్టి నియమాలన్నీ పెత్తనమేనని కొట్టిపారేయలేం. బలం లేనివాళ్ళకి మిగిలే ఆసరా ఒక్కోసారి నియమమే.

కానీ కాగితం మీది బస్టాపు వేరు, రోడ్డు మీది బస్టాపు వేరు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం మొదలైంది. ఇది చిన్న మార్పు కాదు. అయితే బస్సెక్కాలంటే ముందు బస్సు కోసం నిలబడాలి. బస్టాపు ముందు కార్లూ ఆటోలూ ఆగి ఉంటే బస్సు నడిరోడ్డు మీదే ఆగుతుంది. చంకలో పిల్ల, చేతిలో సంచీ ఉన్నామె రెండు కార్ల సందులోంచి దూరి, వెనకనించి వచ్చే బైకుల్ని తప్పించుకుంటూ పరిగెత్తాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ పరిగెత్తలేదు. ఆ బస్సు ఆమెది కాదు. టికెట్టు అడ్డు తొలగింది, కారు అడ్డు మిగిలింది.

ఇక అమ్ముకునే స్త్రీలు. హైదరాబాద్‌లో మేముండే చోటుకి దగ్గర్లో, ఒక మలుపు దగ్గర పూలమ్మే ఆమె ఉండేది. ఒకరోజు ఆ రోడ్డు వారన పార్కింగ్ కోసం తెల్లగీతలు పడ్డాయి. ఆమె గంప సందు లోపలికి, ఎవరూ చూడని చోటుకి జరిగింది. బేరం తగ్గిందా అని అడిగితే, "బండ్లకు గీతలు గీసిన్రు మేడమ్, మాకు యాడ గీసిన్రు?" అంది. నేను చదివిన ఏ సిద్ధాంత గ్రంథమూ ఈ మాటకంటే సూటిగా అడగలేదనిపించింది.

ఆమె మాటని లెక్కగా చూద్దాం. ఒక కారు నిలపడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. పూలగంపకీ, దాని వెనక కూర్చున్న మనిషికీ కలిపి ఒకటిన్నర చదరపు మీటరు చాలు. కార్లు తమ కాలంలో నూటికి 95 వంతులు ఆగే ఉంటాయని 'ది హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్' (2005) రాసిన డొనాల్డ్ షూప్ చెప్పాడు. అంత చోటుని అంతసేపు ఆక్రమించే వస్తువు సౌకర్యం. అందులో ఎనిమిదో వంతులో కూర్చుని రోజంతా పనిచేసే మనిషి ఆక్రమణ. చట్టం ఆమెకి అనుకూలంగా లేదా అంటే, ఉంది. వీధిలో వ్యాపారం చేసుకోవడం ప్రాథమిక హక్కేనని, దాని మీద సహేతుకమైన ఆంక్షలు ఉండొచ్చని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో అంది. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులుండాలని, వాళ్ళలో మూడో వంతు స్త్రీలుండాలని చెప్పింది. రోడ్డు మీద చోటుని పంచేటప్పుడు వాహనాల్ని కాదు, మనుషుల్ని దృష్టిలో పెట్టుకోవాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా చెప్పింది. మాటలకి కొదవ లేదు. గీత గీసే రోజున మాత్రం ఆ గంప పక్కన ఈ మాటల్లో ఒక్కటీ నిలబడదు.

నిలబడటానికి అర్హత ఏమిటన్నది ఇంకోచోట మరీ స్పష్టంగా బయటపడుతుంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో పార్కింగ్ ఫీజుల మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. మొదటి అరగంట అందరికీ ఉచితం. అరగంట దాటి గంటవరకూ అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే బిల్లు మొత్తం పార్కింగ్ ఫీజుకంటే ఎక్కువ ఉండాలి. ఇష్టం వచ్చినట్టు ఫీజు గుంజడాన్ని ఆపే ఉత్తర్వు కాబట్టి అది మంచిదే. కానీ అందులో దాగిన తర్కం చూడండి. బిల్లున్నవాళ్ళు నిలబడొచ్చు. స్త్రీ బస్టాపులో వాచీ చూసుకుంటూ చూపించేదీ ఒక రకం బిల్లే. పనుందని రుజువు చేసే రసీదు.

ఇక్కడ నాతో నేనే వాదించుకోవాల్సిన విషయం ఒకటుంది. రాత్రి ఆలస్యంగా ఆఫీసు నుంచో లైబ్రరీ నుంచో బయటికొచ్చే స్త్రీకి గేటు ఎదురుగా నిలిపిన తన స్కూటీయో కారో పెద్ద ధైర్యం. పార్కింగ్‌ని దూరంగా నెట్టేస్తే ఆమె చీకటి సందులో నడవాలి. వాహనం నడపడం నేర్చుకోవడం ఎందరు స్త్రీలకి స్వేచ్ఛ మొదటి రుచి! దాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నేను సిద్ధంగా లేను. అయితే మన వాహనం మనకిస్తున్నదేమిటి? లాక్కోగల గోడలు, కదిలే ఇల్లు. వీధిలో స్త్రీకి చోటు లేదు కాబట్టి, కొనగలిగిన స్త్రీ ఇంటిని వెంట తెచ్చుకుంటోంది. అది ఒకామె భయాన్ని తగ్గిస్తుంది, వీధిని మార్చదు. పైగా ఆ ఇంటికి కావలసిన పన్నెండున్నర చదరపు మీటర్లు ఒక్కోసారి పూలమ్మే ఆమె నుంచే వస్తాయి. వీధి దీపం, నడవగలిగే ఫుట్‌పాత్, మనుషుల సందడి, రాత్రి పదింటికి కూడా గంప ముందు కూర్చున్న ఒక స్త్రీ ఉంటే, కారు గేటు ముందే ఉండాల్సిన అవసరం సగం తగ్గుతుంది. మనిద్దరి భద్రతా ఒకరినొకరు తోసేసుకునే విషయం కాదు. అలా కనిపించేట్టు చేసింది ఆ తెల్లగీత.

పొద్దున్నే కూడళ్ళలో అడ్డా కూలీలు నిలబడతారు. వాళ్ళలో స్త్రీలెందరో. అడ్డు, అడ్డా అనే రెండు మాటలూ చెవికి చుట్టాల్లా వినిపిస్తాయి. పని దొరికేదాకా అది అడ్డా. ఎండెక్కి ట్రాఫిక్ పెరిగాక అదే మనుషులు అడ్డు. వాళ్ళేమీ మారలేదు, చూసే కన్ను మారింది. అడ్డంకి అనేది వస్తువులోనో మనిషిలోనో ఉండే గుణం కాదు. ఎవరి ప్రయాణాన్ని ముఖ్యమనుకున్నామో దాన్నిబట్టి అది పుడుతుంది.

అందుకే పార్కింగ్ గురించి మాట్లాడటాన్ని ఇంజనీర్లకీ పోలీసులకీ వదిలేయొద్దంటాను. వంటింటినీ పడకగదినీ రాజకీయంగా చదవడం నేర్చుకున్నవాళ్ళం, రోడ్డు మీది రంగుగీతని కూడా అలాగే చదవాలి. గీత గీయకముందు అక్కడ ఎవరు నిలబడేవాళ్ళో, ఎవరు కూర్చునేవాళ్ళో, వాళ్ళని ఎక్కడికి పంపుతున్నారో అడగడం మన పని. బస్టాపు ముందు ఆగిన కారు గురించి ఫిర్యాదు చేయడమూ స్త్రీవాద పనే. బిల్లు లేకుండా, వాచీ చూసుకోకుండా, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఒక స్త్రీ సాయంత్రం పూట రోడ్డు వారన ఊరికే నిలబడగలిగే ఊరుంటే, అక్కడ కార్లకి కూడా ఎక్కడో న్యాయమైన చోటు దొరుకుతుంది. ముందు ఆమెకి చోటు చూపించి, ఆ తర్వాత రంగు డబ్బా తెరవాలి.