రసీదు చూశాక కూడానా?

జై శ్రీరామ్.

మాది దమ్మపేట. చిన్నప్పుడు భద్రాచలం వెళ్లే బస్సులో నానమ్మ రామదాసు కథ చెప్పేది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాములవారికి గుడి కట్టించాడు. గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదు. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రసీదు తెచ్చి గోపన్న తలగడ కింద పెట్టారట.

గమనించారా? స్వామి డబ్బు కట్టి ఊరుకోలేదు. రసీదు రాయించుకున్నాడు. లెక్క తీరాక మళ్లీ ఎవరూ అడక్కూడదని.

పోయినేడు మా ఆఫీసుకి ఒకబ్బాయి ఇంటర్వ్యూకి వచ్చాడు. కోడింగ్ బాగా చేశాడు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మాత్రం కాలేజీ రోజుల కొట్లాట కేసు, మూడు నెలల శిక్ష బయటపడ్డాయి. శిక్ష పూర్తయి ఆరేళ్లు. "మనకెందుకండీ రిస్కు" అన్నది నేనే. అతన్ని ఒక్క మాటా అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి రామదాసు కీర్తనలు పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

హైదరాబాద్ చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్రోల్ బంకులో, జైలు నుంచి విడుదలైనవాళ్లకీ పని ఇచ్చారు. జనం వాళ్ల చేతికే డబ్బిచ్చి పెట్రోల్ పోయించుకుంటున్నారు.

కళ్లు మూసుకుని ఉద్యోగమిమ్మని కాదు. ఉత్త కేసేనా, శిక్ష పడిందా? ఎన్నేళ్లయింది? ఈ పనికీ దానికీ సంబంధముందా? ఆ మనిషి ఏమంటున్నాడు? ఈ నాలుగూ అడిగాకే నిర్ణయించండి. నేనిప్పుడు అడుగుతున్నాను. ఆ అబ్బాయి విషయంలో మాత్రం ఆలస్యమైపోయింది.

శిక్ష పూర్తి చేసినవాడి చేతిలో రసీదుంది. దాన్ని చింపే హక్కు మనకెక్కడిది?

జై శ్రీరామ్.