డ్రైవరు దృష్టి ఎవరి సొత్తు?

కారు డ్యాష్‌బోర్డు మీద బటన్లు ఉండాలా, టచ్‌స్క్రీన్ ఉండాలా అన్న చర్చ పైకి సౌకర్యానికీ అభిరుచికీ సంబంధించినదిగా కనిపించినా, దాని అడుగున భారతీయ దర్శనాలు ఏనాడో పట్టించుకున్న ఒక ప్రశ్న ఉంది: మనస్సు ఒకే క్షణంలో ఎన్ని విషయాలను గ్రహించగలదు? గౌతముని న్యాయసూత్రాలు దీనికి సూటిగా సమాధానం చెబుతాయి. ఇంద్రియాలన్నీ తమ తమ విషయాలకు ఎదురుగా ఉన్నా జ్ఞానాలు ఏకకాలంలో పుట్టవు కనుక, ఆత్మకూ ఇంద్రియాలకూ నడుమ మనస్సనే సాధనం ఒకటి ఉన్నదనీ, అది ఒకసారి ఒక ఇంద్రియంతోనే కూడగలదనీ ఆ దర్శనం అనుమానప్రమాణంతో, అంటే కనబడే గుర్తును బట్టి కనబడని దాన్ని నిర్ణయించే పద్ధతిలో, తేల్చింది. ఆంధ్రుడైన అన్నంభట్టు కూడా తర్కసంగ్రహంలో మనస్సు పరమాణురూపమనే చెప్పాడు.

ఈ లెక్కన బటన్ నొక్కినా తెర తాకినా మనస్సు రోడ్డును వదిలి వెళ్ళవలసిందే కదా అన్న ఆక్షేపణ వెంటనే ఎదురవుతుంది. దానికి జవాబు సన్నికర్షంలో, అంటే ఇంద్రియానికీ దాని విషయానికీ ఏర్పడే సంబంధంలో ఉంది. చెయ్యి నాబ్‌ను వెతుకుతున్నంతసేపూ కన్ను రోడ్డు మీదే ఉంటుంది. మనస్సు క్షణకాలం చర్మం వైపు వెళ్ళినా తిరిగి వచ్చేసరికి కంటికి ఎదురుగా రోడ్డు సిద్ధంగా ఉంటుంది. గిరగిర తిప్పిన కొరివి చక్రంలా కనబడినట్లే, మనస్సు వేగంగా తిరగడం వల్ల రెండు పనులూ ఒకేసారి జరిగినట్లు తోస్తాయని నైయాయికులు అంటారు. టచ్‌స్క్రీన్ విషయంలో మనస్సుతోపాటు కన్ను కూడా తరలిపోతుంది కనుక, రోడ్డుతో ఉన్న సన్నికర్షమే తెగిపోతుంది.

కన్ను ఎందుకు తరలవలసి వస్తుందో గమనిస్తే స్పర్శ విలువ తెలుస్తుంది. ఏసీ నాబ్ అంచున గీతలుంటాయి, తిప్పితే ఒక్కొక్క మెట్టుకూ ‘టక్’మని ఆగుతుంది, పక్కనున్న బటన్ ఆకారం వేరుగా ఉంటుంది, అందువల్ల ఏది ఎక్కడ ఉందో, ఎంత తిరిగిందో వేలికే తెలుస్తుంది. పైగా బటన్‌ను తాకడం వేరు, నొక్కడం వేరు కాబట్టి జ్ఞానం ముందు, క్రియ తరువాత అన్న క్రమం నిలుస్తుంది. గాజుకు అన్నిచోట్లా ఒకటే స్పర్శ; అక్కడ తాకడమే ఆజ్ఞ కనుక తడిమి తెలుసుకునే అవకాశమే లేదు.

స్వీడన్‌కు చెందిన ‘వీ బీల్‌ఎగారే’ పత్రిక 2022లో జరిపిన పరీక్ష ఈ తేడాను కొలిచి చూపింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళుతూ సీటు వేడిని పెంచడం, రేడియో స్టేషన్ మార్చడం వంటి నాలుగు పనులు చేయడానికి, బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో 10 సెకన్లు పట్టింది. ఈలోగా కారు 306 మీటర్లు సాగింది. తెర మీద ఆధారపడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో అవే పనులకు 44.6 సెకన్లు పట్టి, కారు 1,372 మీటర్లు దాటింది.

అభ్యాసంతో ఈ లోపం తీరుతుందనే వాదానికి అష్టావధానాన్ని ఉదాహరణగా చూపవచ్చు. అయితే అవధాని పృచ్ఛకులకు వంతులవారీగానే బదులిస్తాడు. మధ్యలో మోగే గంటలను లెక్కించడం సాధ్యమవుతున్నదంటే, చెవి ఎటూ తిరగనక్కరలేకుండా తెరచి ఉండడం వల్లనే. అభ్యాసం సంస్కారాన్ని, అంటే జ్ఞాపకానికి కారణమైన ముద్రను బలపరుస్తుందే తప్ప, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో స్థానం మారిపోయే గుర్తును వేలికి చూపలేదు.

ఇక మిగిలింది కర్తృత్వ విచారం. జోరువానలో టెస్లా తెర మీద వైపర్ల వేగం మార్చబోయి రోడ్డు తప్పిన డ్రైవరుకు 200 యూరోల జరిమానా, నెల రోజుల డ్రైవింగ్ నిషేధం సరైనవేనని జర్మనీలోని కార్ల్‌స్రూయే ఉన్నత న్యాయస్థానం 2020లో తీర్పునిచ్చింది. చట్టరీత్యా బాధ్యత డ్రైవరుదే కావచ్చు. కానీ చేసినవాడితోపాటు చేయించినవాడూ సమ్మతించినవాడూ ఫలంలో భాగస్వాములేనని ఆపస్తంబ ధర్మసూత్రం చెబుతుంది. విడిభాగాలూ వైర్ల ఖర్చూ తగ్గించుకోవడానికి వైపర్లను సైతం తెరలోకి నెట్టిన తయారీదారుకూ, దాన్ని ఆధునికతగా మెచ్చిన కొనుగోలుదారుకూ ఆ సూత్రం వర్తిస్తుంది. డ్రైవరు దృష్టి అతని సొంత ఆస్తి మాత్రమే కాదు, రోడ్డు దాటుతున్నవారికి అతడు చెల్లించవలసిన రుణం కూడా.

మ్యాపులూ పాటల జాబితాలూ తెర మీద ఉంటే అభ్యంతరం లేదు. కదులుతున్న కారులో అవసరపడేవి మాత్రం చేతికి తెలిసేలా ఉండాలి. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఎస్‌ఓఎస్ అనే ఐదింటికి భౌతికమైన మీటలు లేని కార్లకు మార్కులు తగ్గేలా, కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి నిబంధనలు మార్చింది. కారు కొనదలచినవారు షోరూములో ఆగి ఉన్న కారులో కూర్చుని, చూపు ముందు అద్దం మీదనే నిలిపి, ఏసీనీ వైపర్లనూ చేత్తో మార్చి చూడాలి. అది సాధ్యం కాకపోతే ఆ కారును తిరస్కరించడమే ధర్మం.