పిండికోడి



చంద్రపూరులో కొట్టు కట్టి తండ్రి ఇల్లు చేరుసరికి కుమారుడు సెల్‌ఫోనులో యుద్ధపు ఆట ఆడుచుండును. వందమంది ఒక దీవిలో దిగుదురు. కడకు మిగిలినవాడే విజేత.

ఆ ఆటలో గుణమే లేదనుట న్యాయము కాదు. ఇట్టి ఆటలవలన చూపునందలి అవధానము పెరుగునని అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2003లో 'నేచర్' పత్రికలో తెలిపిరి. జట్టుగా మెలగుటయు అలవడును. కాని ఓడిన క్షణమున పుట్టు క్రోధమో? ఫోను విసరుట, తల్లిపై కసరుట, అన్నము మానుట! చచ్చిన బొమ్మ మరల లేచును. లేచిన కోపము మాత్రము చావదు.

"బొమ్మను చంపిన పాపమేమి?" అని పిల్లవాడడుగును. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో సోమదేవసూరి 959లో ముగించిన 'యశస్తిలకము' దీనికి బదులు చెప్పును. యశోధరుడు తల్లి మాట కాదనలేక పిండితో చేసిన కోడిని బలియిచ్చెను. రక్తపుబొట్టు రాలలేదు. అయినను చంపు సంకల్పమునకే తల్లీకొడుకులు పెక్కు జంతుజన్మలెత్తిరి.

అట్లని ఫోను లాగికొని తిట్టిన తండ్రి గెలిచినట్లా? ఎదుటి కొట్టువాడు ధర తగ్గించెనని రాత్రియంతయు వానిని మనసులో పడగొట్టు వర్తకుడును ఆ ఆటయే ఆడుచున్నాడు. ఇట్టి దుష్టచింతనమే అపధ్యానము, అనర్థదండములలో నొకటి.

కావున తండ్రీకొడుకులు దినమునకు 48 నిమిషములు కలిసి సామాయికమున కూర్చుండవలెను. ఆటలో నేర్చిన అవధానమును లేచుచున్న కోపముపై నిలుపవలెను. పొరుగున భద్రావతిలో కొలువైన పార్శ్వనాథస్వామి, జడివాన కురిపించిన కమఠునియందును, పడగపట్టిన ధరణేంద్రునియందును సమభావమే వహించెను గదా!

జయ జినేంద్ర.