అరాక్నీ నేరమేమిటి?

అమెరికాలో ఆరు మొదలు ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలచేత గ్రీకు పురాణగాథల ఆధారంగా కథలు రాయించడం చాలా బడులలో ఉన్న పద్ధతి. 2010లో వెలువడి అనేక రాష్ట్రాలు స్వీకరించిన పాఠ్యప్రమాణాలలో, ఆధునిక కథ పురాణాలనుంచి ఏమి తీసుకున్నదో, దాన్ని ఎట్లా కొత్తది చేసిందో ఎనిమిదో తరగతి విద్యార్థి పరిశీలించాలని ఉన్నది. మంచిదే. కాని ఆచరణలో తరచు పిల్లవాడి చేతికి వచ్చేది ఒక అచ్చు: ఒక వీరుడు, ఒక రాక్షసి, ఒక ప్రయాణం, చివర ఒక నీతి. వీరుడి పేరు మార్చి రాక్షసికి రెండు తలలు ఎక్కువ పెడితే కథ అయిపోతుంది. కథ ఎవరి పక్షాన నిలిచి మాట్లాడుతున్నదన్న ప్రశ్నకు ఆ అచ్చులో చోటు లేదు.

ఇది కేవలం రచనాశిల్పానికి సంబంధించిన ప్రశ్న కాదు. శిక్ష పడ్డవారి కథ చెబుతూ, ఆ శిక్ష న్యాయమేనని పిల్లలను ముందుగానే ఒప్పించే హక్కు ఉపాధ్యాయునికి ఉన్నదా?

అరాక్నీ కథనే తీసుకుందాం. పిల్లల పుస్తకాలలో అది తరచు ఇంతే: గర్విష్ఠి అయిన నేతగత్తె దేవతతో పోటీపడింది, ఓడింది, సాలెపురుగైంది. గర్వం కూడదు. అయితే ఈ గాథ మనకు ప్రధానంగా దక్కింది రోమన్ కవి ఒవిడ్ క్రీ.శ. 8 ప్రాంతంలో ముగించిన ‘మెటమార్ఫోసెస్’ అనే లాటిన్ కావ్యంలో. అక్కడ సంగతి వేరు. అరాక్నీ తండ్రి ఉన్నికి రంగులద్దేవాడు. చనిపోయిన తల్లీ సామాన్యురాలే. పుట్టుక ఇవ్వని పేరు ఆమెకు చేతిపని ఇచ్చింది. ఆ విద్య దేవత పెట్టిన భిక్ష అంటే ఆమె ఒప్పుకోలేదు. పోటీ జరిగింది. మినర్వా, అనగా గ్రీకుల ఎథీనా, నేసిన వస్త్రంలో దేవతలు కొలువుదీరి ఉన్నారు. నాలుగు మూలలా వారిని ధిక్కరించి శిక్షలు పొందిన మనుషులున్నారు. అరాక్నీ వస్త్రంలో అదే దేవతలు ఎద్దుగా, హంసగా, బంగారు వానగా మారి స్త్రీలను వంచించిన ఘట్టాలున్నాయి. ఆ నేతలో దేవతకు తప్పు దొరకలేదని ఒవిడ్ స్పష్టంగా చెబుతాడు. ఆమె ఆ వస్త్రాన్ని చించివేసింది. చేతిలోని నాడెతో పిల్ల నుదుటిమీద పలుమార్లు కొట్టింది. అవమానం భరించలేక అరాక్నీ ఉరిపోసుకున్నది. ‘జాలి’పడి సాలెపురుగుగా మార్చడం ఆ తర్వాతి ముచ్చట.

మరి ఓడిందన్న తీర్పు ఎవరిది? (గ్రీకులో అరాక్నీ అంటేనే సాలెపురుగు. మన భాషలోనూ ఆ పురుగుకు పేరు సాలెవారి మగ్గం నుంచే వచ్చింది. కాని మన పేరులో శిక్ష లేదు.) నీతి నిలబడాలంటే పిల్లల పుస్తకం రెండింటిని దాచవలసి వచ్చింది: రెండో వస్త్రంలోని బొమ్మలను, నాడె దెబ్బను.

ఇక్కడ మనవాళ్లు తొందరపడతారు. అరాక్నీ శ్రామికురాలు, మినర్వా పాలకవర్గం. తిరుగుబాటు కథ రాయించండి, సరిపోతుంది అంటారు. మార్క్స్ 1841 నాటి తన సిద్ధాంతవ్యాసపు ముందుమాటలో ప్రొమీథియస్‌ను తత్వశాస్త్ర చరిత్రలో అగ్రగణ్యుడైన త్యాగమూర్తిగా నిలిపాడన్నది నిజమే. కాని ఆయన అక్కడికి చేరింది గ్రీకు మూలాలతో కుస్తీపట్టి. హీసియడ్ కావ్యాలలో ఆ ప్రొమీథియస్ జిత్తులమారి. అతని దొంగతనానికి బదులుగానే మనుషులమీదికి పండోరా వస్తుంది. ఎస్కిలస్ పేరిట నిలిచిన నాటకంలో అతడే మనుషులకు అంకెలు, అక్షరాలు, వైద్యం నేర్పినవాడు. గ్రీకులే తమ కథను తిరగరాసుకున్నారు. 1920లోనే ‘శంబూక వధ’ చదివిన తెలుగు పాఠకుడికి ఇది వింత కాదు. పాత నీతి తీసి కొత్త నీతి అంటించే ఉపాధ్యాయుడు మాత్రం పిల్లవాణ్ణి మళ్లీ వినేవాడుగానే కూర్చోబెడుతున్నాడు.

రెండు వస్త్రాలనూ పిల్లల ముందు పరచాలి. ఎవరి నోట చెప్పించాలో వాళ్లే ఎంచుకోవాలి: అరాక్నీయా, తండ్రా, చూడవచ్చిన ఊరివాళ్లా, దేవతా. దేవత తరఫున రాసే పిల్ల కూడా నాడె ఎందుకెత్తిందో చెప్పక తప్పదు. గర్వం తప్పేనని రాసేవాడూ ఉంటాడు, ఉండనివ్వాలి. ఆ తప్పుకు ఇంత శిక్ష ఎట్లా తగిందో అతడు కథలో చూపించాలి.

పన్నెండేళ్ల పిల్లలకు బలాత్కారాలు, ఉరి ఎట్లా చెబుతామన్న అభ్యంతరం ఉన్నది. తేలిగ్గా తీసేయదగింది కాదు. ఎంతవరకు చెప్పాలో పిల్లల వయస్సు చూసి ఉపాధ్యాయుడు నిర్ణయించుకోవచ్చు. దేవతల మోసాలను నేసింది, ఆ నేతలో తప్పు దొరకలేదు, దేవత బట్ట చించింది: ఈ మూడు ముక్కలు ఇంకా చిన్నవాళ్లకైనా చెప్పవచ్చు. ఓడిపోయిందన్న ముక్క మాత్రం ఒవిడ్ రాయలేదు.