నిండని ట్యాంకు – నిందపడిన కుఱ్ఱవాడు



మన తాటిపాక భూగర్భమునుండి చమురు తీయు ప్రాంతము. 2001వ సంవత్సరమున ఇచ్చట ఓ.ఎన్.జి.సి. వారి చిన్న చమురు శుద్ధి కర్మాగారము ప్రారంభమైనది. అట్టి చోటనే మా పాత పికప్పు బండి డీజిలు పుచ్చుకొననని మొండికేసినది.

కొబ్బరికాయలు వేసికొని అంబాజీపేటకు పోవుచు ఒక బంకువద్ద ఆగితిమి. ట్యాంకు ముల్లు అడుగున నున్నది. అయినను నాజిలు పెట్టిన రెండు క్షణములకే ధార టక్కుమని ఆగిపోయెను. మరల నొక్కగా మరల ఆగెను. డీజిలు మూతివరకు పొంగి మా బట్టలమీద చిందెను. వెనుక బండ్లవారు హారన్లు కొట్టుచుండిరి. మేము పదిమంది యెదుట పంపు కుఱ్ఱవానిని “కొలతలో మోసము చేయుచున్నావు” అని గద్దించితిమి. అతడేదో చెప్పబోయెను, మేము వినలేదు.

మరియొక బంకులోను అదే వరుస. మూడు దినములకు బండిని మెకానిక్కునకు చూపితిమి. “నాజిలు మారినా రోగం మారలేదంటే రోగం బండిదేనండి” అని అతడు చెప్పెను.

సంగతి యిది. ట్యాంకులోనికి డీజిలు పోవలెనన్న లోపలి గాలి బయటికి రావలెను. అందుకొఱకు డీజిలు పోయు పెద్ద గొట్టము ప్రక్కన సన్నని గాలి గొట్టమొకటి యుండును. అది మూసికొనిపోయినయెడల గాలి పెద్ద గొట్టముననే ఎదురువచ్చి డీజిలును పైకి నెట్టును. నాజిలు కొసన చిన్న రంధ్రము గలదు. డీజిలు దానిని మూయగానే లోపలి మీట విడిపోయి ధార నిలిచిపోవును. ట్యాంకు నిండలేదు, నిండినది పైగొట్టము మాత్రమే.

గాలి గొట్టము ఊడదీసి చూడగా దాని కొసన కందిరీగ కట్టిన మట్టిగూడు! వంపువద్ద రబ్బరు కూడ నలిగియుండెను. మెకానిక్కు గూడు తీసి, నలిగిన ముక్క మార్చి, మడతపడకుండ బిగించెను. పని ముగియువరకు బీడీగాని అగ్గిపుల్లగాని దరిచేరనీయలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి అనేకులు మరణించిన సంగతి మన సీమలో ఎవరు మరతురు?

బండి బాగుపడెను. అంతటితో సరియా? తప్పు మనదని మనకు తప్ప ఇతరులకు తెలియనప్పుడు, బండిని బాగుచేసికొనుట చాలునా?

“ఆ కుఱ్ఱవాడు మరచియుండును, మరల కదలించుట యెందుకు?” అని మేమును మొదట తలంచితిమి. కాని మరచు హక్కు మాటపడినవానిది, మాట అన్నవానిది కాదు. పైగా మేమన్నది మోసమను మాట. అది యజమాని చెవినిపడిన అతని పని పోవచ్చును. ఆ పదిమందిలో ఎవరైనను దానిని నమ్మియుండవచ్చును. చాటున క్షమించుమని కోరిన మన మనస్సు తేలికపడును గాని అతని పేరు తేటపడదు. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనుకకు తీసికొనవలెను.

కావున బండ్లు బారులు తీరిన వేళనే ఆ బంకునకు పోయి, తప్పు మా బండిదనియు, మేము అన్యాయముగా నిందించితిమనియు అందరు వినునట్లు చెప్పితిమి. కుఱ్ఱవాడు నవ్వి, “ఆయ్, ఆ రోజే చెప్పబోయేనండి, గాలి గొట్టం మూసుకుపోయుంటదని. తవరు విన్లేదండి” అనెను.

మత్తయి సువార్త 7వ అధ్యాయమున నలుసును దూలమును గూర్చిన బోధ మేమెన్నిమారులో చదివితిమి. ఆ దినమున మాత్రము అది జ్ఞప్తికి రాలేదు.

మీ బండికి ఇట్లు జరిగినయెడల ముందు మరియొక బంకులో పట్టించి చూడుడి. అచ్చటను ధార ఆగినచో గాలి గొట్టము చూపించుడి. నిజము తేలువరకు ఎవరిని ఏమియు అనకుండుట మేలు.